చెట్టుకి చెల్లెలు

మా నాన్న నీళ్ళ ట్యాంకులు కడుగుతాడు. నేను పాచి పెంచుతాను. ఈ రెండు మాటలూ పక్కపక్కన చెబితే ఎవరికైనా నవ్వొస్తుంది. పరిశోధనకి సీటు వచ్చిందని ఇంట్లో చెప్పినప్పుడు ముందు నవ్వింది మా అమ్మే. "ఆయన జన్మంతా గీకి పారేసినదాన్ని నువ్వు సీసాల్లో పెట్టి గోముగా చూసుకుంటావా? బాగుందే సంబడం!"

నాన్న నవ్వలేదు. కాసేపు గడ్డం గోక్కుని, "పెంచు తల్లీ. బాగా పెంచు. నాకు పని కరువు లేకుండా ఉంటుంది," అన్నాడు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినదాన్ని నేనే మొదలు. అందుకని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. ఏం చదివినా నాన్నకి అర్థమయ్యేలా చెప్పాలి. చెప్పలేకపోతే అది నాకూ రానట్టే. ఈ నియమం వల్ల నా పరీక్షలకి ఎంత మేలు జరిగిందో గానీ, నాన్న చెవులకి మాత్రం చాలా కష్టం కలిగింది.

నేను చెప్పబోయే సంగతి జరిగినప్పుడు నాన్న నా గదిలోనే ఉన్నాడు. నిచ్చెన మీంచి జారి మోకాలు వాచింది. నెల దాకా నిచ్చెన ముట్టుకోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అమ్మేమో మా అక్క పురుటికి వెళ్ళింది. "ఒక్కణ్ణీ వదిలితే ఆ కాలుతోనే ట్యాంకు ఎక్కేస్తాడు. నీ దగ్గర కట్టేసుకో," అని ఫోన్లో నాకు ఆజ్ఞ వేసింది.

కట్టేయడం అంత తేలికా? నాది ఒక ఇంటి వెనక వాటా. ఒక గది, గదిలోనే ఒక మూల పొయ్యి, కిటికీ కింద సింకు. నాన్న సంచి విప్పితే చొక్కాల కంటే ముందు పాచి గీకే రేకు పలక, పీచు బ్రష్షు, పాత గుడ్డ బయటికి వచ్చాయి. "ఇవెందుకు నాన్నా?" అన్నాను. "కాలు నొప్పి కాలిది. చేతులకేమొచ్చింది?" అన్నాడు. ముందు నా పొయ్యి మెరిసింది. తర్వాత బాత్రూం పలకల మధ్య గీతలు తెల్లబడ్డాయి. నా గిన్నెలు అయిపోయాక పై అంతస్తులో ఉండే ఇంటావిడ గిన్నెలకి మూడింది. ఆవిడ ఒకరోజు కెటిల్ చేతిలో పట్టుకుని మెట్లు దిగి వచ్చింది.

"ఏమ్మాయ్, మీ నాన్నగారు నా కెటిల్లో నాకే నా ముఖం చూపించారు. ఇన్నాళ్ళూ ఇది నల్ల కెటిలే అనుకున్నాను నేను!"

"నల్లదేనమ్మా, లోపల తెల్లది దాక్కుంది. పిలిస్తే వచ్చింది," అన్నాడు నాన్న.

ఒక సాయంత్రం ఇద్దరం గుమ్మం ముందు మెట్టు మీద టీ గ్లాసులతో కూర్చున్నాం. పక్కన ఇంటావిడ పూలకుండీ ఉంది. నాన్న మోకాలికి కాపడం పెట్టుకుంటూ అడిగాడు.

"ఇంతకీ నీ పాచిలో అంత చదవడానికి ఏముందే? గీకితే పోతుంది, గీకకపోతే పెరుగుతుంది. అంతేగా?"

"ఈ కుండీలో మొక్కకి చుట్టం ఎవరో చెప్పు నాన్నా."

"పక్క కుండీలో మొక్క."

"ఇంకా పాత చుట్టం."

"వాళ్ళ ముసలమ్మా? నాకేం తెలుసే, నేను వాళ్ళ ఇంటికి ఎప్పుడూ వెళ్ళలేదు."

నా నియమం గుర్తు తెచ్చుకుని మొదలుపెట్టాను. "ఒకప్పుడు నేల మీద ఒక్క మొక్క లేదు నాన్నా. గడ్డిపోచ కూడా లేదు. పచ్చగా ఉన్నవన్నీ నీళ్ళలోనే ఉండేవి. ఆ పచ్చ నాచుల్లోంచి ఒక్క కుటుంబం ఒడ్డుకొచ్చి నిలబడింది. ఇప్పుడున్న చెట్లూ, గడ్డీ, గోడ మీద మెత్తటి నాచుమొక్కలూ, ఈ కుండీలోదీ అన్నీ ఆ వచ్చినవాళ్ళ సంతానమే. ఆ కుటుంబానికి తోడబుట్టినవాళ్ళ సంతానం ఇప్పటికీ నీళ్ళని పట్టుకునే ఉంది. వాళ్ళలో చెట్లకి అందరికంటే దగ్గరివాళ్ళు ఎవరన్నదే పెద్ద తగువు."

"ఆస్తి తగువా?"

"పోలికల తగువు. చారా అని ఒక నాచు ఉంది. చెరువు అడుగున నిటారుగా నిలబడి, కణుపు కణుపుకీ ఆకుల్లాంటివి వేసుకుని, అచ్చం చిన్న మొక్కలా ఉంటుంది. చూసినవాళ్ళంతా చెట్టుకి సొంత చెల్లెలు ఇదే అన్నారు. పుస్తకాల్లో కూడా అలాగే రాశారు. తీరా జన్యువులు చదవడం చేతనయ్యాక చూస్తే, చారా కాదు. ఏ ముస్తాబూ లేకుండా, వట్టి దారప్పోగుల్లా, జిగటగా ఉండే పాచి ఒకటుంది. దాని పేరు జైగ్నీమా. అదీ దాని బలగమూ చెట్లకి తోబుట్టువులు. చారా వాళ్ళకంటే ఒక మెట్టు దూరం చుట్టం."

నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. "అంటే పెళ్ళిలో ముందు కుర్చీలో ముస్తాబై కూర్చున్నావిడని చూసి పెళ్ళికూతురి చెల్లెలు అనుకుంటాం. అసలు చెల్లెలేమో లోపల జుట్టు ముడేసుకుని గిన్నెలు తోముతూ ఉంటుంది."

"అంతే నాన్నా! సరిగ్గా అంతే."

"ఊఁ." తర్వాత ముఖం పెద్దది చేసి, "అయితే ఇన్నాళ్ళూ నేను గీకి పారేసింది చెట్ల చెల్లెళ్ళనా?" అన్నాడు.

"అన్నీ కాదులే. పాచుల్లో చాలా రకాలు. కొన్ని మాత్రం ఆ బలగమే."

నాన్న కుండీ వైపు వంగి ఆకుని వేలితో తట్టాడు. "ఏమ్మా, మీ పిన్నమ్మని నేను చాలా ఇబ్బంది పెట్టాను. మనసులో పెట్టుకోకు. అయినా ఆవిడకి రోషం లేదులే. గీకిన చోటికే మళ్ళీ వస్తుంది."

నేను పెంచే పాచి నాన్న పనిచేసిన చోటు నుంచే వచ్చిందని ఆ మాటకి నాకు చెప్పాలనిపించింది. ఆయనకి తెలుసు, అయినా మళ్ళీ చెప్పాను. ఎప్పుడో సెలవుల్లో నాన్నకి అన్నం పట్టుకెళ్ళినప్పుడు ఒక మేడ మీద పాత సిమెంటు తొట్టె అంచున కనిపించింది అది. మధ్యాహ్నం ఎండకి నల్ల కాగితంలా అట్టకట్టి ఉంది. ట్యాంకు నిండి పొర్లగానే మళ్ళీ పచ్చబడింది. నీళ్ళలో ఉండాల్సినది ఎండకి అట్టకట్టి కూడా చావలేదంటే, ఒడ్డుకొచ్చిన ఆ మొదటి కుటుంబానికి ఉన్న ఓర్పు ఈ చెల్లెలికీ ఉందన్నమాట. ఆ ఓర్పు ఎక్కడిదో తెలుసుకోవడమే నా పరిశోధన. చిన్న డబ్బాలో కొంచెం గీకి ఇచ్చింది నాన్నే.

ఆయనకి చెప్పని సంగతి ఒకటుంది. ల్యాబులో ఆ పాచి నన్ను ముంచేసింది. పోషకాలు కలిపిన నీళ్ళు పోసి, సమానమైన వెలుతురులో, అద్దాల పెట్టెలో పెట్టి రాజకుమారిలా పెంచాను. నిగనిగలాడుతూ పెరిగింది. తీరా ఎండబెడితే చచ్చేది. ఎన్నిసార్లు ఎండబెట్టినా అంతే. మా మేడం మంచి మనిషే, కానీ ఆవిడకీ ఓపిక అయిపోయింది. "వచ్చే సమావేశానికి ఒక్కసారైనా ఎండి బతికిందని చూపించు. లేకపోతే దీన్ని వదిలేసి వేరే చోటి రకం తెప్పిద్దాం. నీ తప్పేం లేదు," అంది. నీ తప్పేం లేదు అంటే ఇక ఆశ లేదని అర్థం. వేరే రకంతో మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అంతకంటే ఎక్కువగా, నాన్న గీకిచ్చినది నా చదువులోంచి వెళ్ళిపోతుందని నాకు బెంగ.

ఇంతలో గోరుచుట్టు మీద రోకటిపోటు. అద్దాల పెట్టె వేడెక్కి చెడిపోయింది. తలుపు తీసి చూస్తే లోపల ఉన్న సీసాలన్నిటికీ బూజు పట్టింది. మిగిలినవి మూడే సీసాలు. వాటిని ఎప్పుడో ల్యాబు కిటికీ గట్టు మీద పెట్టి నేనే మరిచిపోయాను. ఎన్నాళ్ళుగానో ఎవరూ పోషకాలు పోయలేదు. పాచి పాలిపోయి పసుపు పచ్చగా ఉంది. అయినా ప్రాణం ఉంది. తిరిగి ఆ మేడ మీదికి వెళ్ళి తెచ్చుకుందామంటే, ఆ సిమెంటు తొట్టెని పగలగొట్టి నల్ల ప్లాస్టిక్ ట్యాంకు పెట్టారు. ఆ రకానికి ఈ మూడు సీసాలే దిక్కు. బూజు పోవడానికి ల్యాబంతా మందుతో తుడుస్తామన్నారు. అందుకని సీసాల మూతులకి కొత్త దూది పెట్టి, సంచిలో పొత్తిళ్ళలో బిడ్డల్లా పెట్టుకుని ఇంటికి తెచ్చాను. నేను వచ్చేసరికి నాన్న నొప్పి మాత్ర వేసుకుని పడుకున్నాడు. సీసాలు సింకు పక్కన కిటికీలో పెట్టాను. పొద్దున్నే ల్యాబు తుడిచే పనికి వెళ్ళిపోయాను. అప్పటికీ నాన్న లేవలేదు.

సాయంత్రం తలుపు తీసేసరికి నాన్న గుమ్మంలోనే ఎదురొచ్చాడు. కుంటుతూ వచ్చాడు గానీ ముఖం వెలిగిపోతోంది.

"ఇటు రా. కిటికీ చూడు."

చూశాను. మూడు సీసాలూ తెల్లటి తువ్వాలు మీద బోర్లించి ఉన్నాయి. సాయంత్రపు వెలుతురు వాటిలోంచి ఇటు నుంచి అటు పోతోంది. అంత శుభ్రమైన గాజు నేను దుకాణంలో కూడా చూడలేదు. సీసాల మీద నేను అంటించిన కాగితపు ముక్కలని జాగ్రత్తగా ఊడదీసి, ఆరబెట్టి, మళ్ళీ ఎక్కడివక్కడ అంటించాడు.

"పిల్ల తాగే నీళ్ళ సీసాలకి కూడా పాచి పట్టింది, చూసుకునే తీరిక లేదు పాపం అనుకున్నాను. చీమలు రాకుండా దూది పెట్టుకున్నావు, తెలివైనదానివే. కానీ లోపల చూసుకోవద్దూ? ముందు గీకాలి, తర్వాతే సబ్బు. పాచి మీద సబ్బేస్తే సబ్బు దండగ. ఇప్పుడు చూడు, కొత్తవి కొన్నట్టు లేవూ?"

పాచి పెంచే కూతురి గదిలో పాచిని చూసి ఇలా ఎలా అనుకున్నాడు అని మీకు అనిపించవచ్చు. నా పాచి ఎక్కడుంటుందో ఆయనకి నేనే చెప్పాను కదా. అద్దాల పెట్టెలో, చల్లటి గాలిలో, దీపాల కింద, నిగనిగలాడుతూ ఉంటుందని. కూతురు పెంచే పాచి అంత గొప్పగా ఉంటుందని ఆయన నమ్మకం. కిటికీలో పాలిపోయి ఉన్నది అది అయ్యుంటుందని ఆయనకి తట్టే దారే లేదు.

నోట్లోంచి ఏ మాట వస్తుందో అని పెదవులు బిగపట్టాను. నాన్న నా ముఖంలోకే చూస్తున్నాడు. నిచ్చెన ఎక్కొద్దన్నారు, బరువు ఎత్తొద్దన్నారు. పరాయి ఊళ్ళో కూతురి గదిలో ఆ మనిషికి మిగిలింది రెండు చేతులు. ఆ చేతులు చేసిన పని మెచ్చుకోమని నిలబడ్డాడు.

"చాలా బాగా కడిగావు నాన్నా," అన్నాను.

బాత్రూంలోకి వెళ్ళి పంపు తిప్పి, ఆ చప్పుడులో కాసేపు ఏడ్చాను. పలకల మధ్య గీతలు తెల్లగా మెరుస్తున్నాయి.

మర్నాడు ల్యాబులో నా సీనియర్‌కి చెప్పాను. నేను ఆమెని అక్కా అంటాను. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది. "మీ నాన్నతో చెప్పలేదా?" అంది.

"చెప్పను. ఎప్పటికీ చెప్పను."

"సీసాల్లోది ఎక్కడ పోశాడో అయినా అడగాల్సింది."

"అడిగితే ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెబితే ఇంకేం ఉంది? ఇంకెక్కడ పోస్తారక్కా, సింకులోనే కదా. నీరు పల్లమెరుగు."

"నీ మొహం చూస్తే చెప్పకుండానే తెలిసిపోతుందే. వెయ్యి కిలోల బాధ, పావుకిలో మొహం."

మేడం అప్పుడు ఊళ్ళో లేదు. సమావేశానికి ముందు వస్తుంది. వచ్చాక చెప్పాలి. అంతదాకా నేను ఇంట్లో మామూలుగా ఉండడం నేర్చుకున్నాను. నాన్న ఏం కడిగినా బాగుందన్నాను. కడిగిన సీసాల్లో నీళ్ళు పోసుకుని తాగాను కూడా. తాగకపోతే ఎందుకు తాగవంటాడు.

సెలవు రోజున అక్క మా గదికి వచ్చింది. నాన్న మోకాలికి పట్టీ తెచ్చింది. మంచి ఉద్దేశంతోనే వచ్చింది. నేను టీ కోసం పాలు తేవడానికి వీధి చివరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. అక్క నా వైపు తేలు కుట్టిన దొంగలా చూసింది.

"నేను కావాలని అనలేదే బాబూ. 'మీరేం బాధపడకండి మావయ్యా, తెలియక చేసిందే కదా, వేరే రకం తెప్పిస్తారు' అన్నాను. చెప్పనన్నావు గానీ, నువ్వు ఈపాటికి చెప్పేసి ఉంటావనుకున్నాను. నేనేం చేశానని ఆయన అడిగితే ఉన్నది చెప్పాను."

నాన్న కిటికీ వైపు చూస్తున్నాడు. సీసాలు అక్కడే ఉన్నాయి.

"టీ పెట్టు తల్లీ. పాప ఎంత దూరం నుంచి వచ్చిందో," అన్నాడు. అంతే.

ఆ రోజు నుంచి నాన్న ఏమీ కడగలేదు. తిన్న కంచం సింకులో పెట్టి, పంపు కూడా తిప్పకుండా వచ్చి కూర్చునేవాడు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకునేవాడు, ఎవరో అప్పగించి వెళ్ళిన వస్తువుల్లా. రేకు పలకా బ్రష్షూ గుడ్డలో చుట్టి సంచి అడుగున పెట్టేశాడు. నేను కావాలని ఒక గిన్నె మాడ్చాను. దాన్ని చూశాడు, ముఖం తిప్పుకున్నాడు. మాడిన గిన్నెని చూసి ముఖం తిప్పుకునే మనిషి కాదు మా నాన్న.

ఇంటావిడ దిగొచ్చింది. "మీ నాన్నగారికి ఒంట్లో బాలేదా? ఇస్త్రీపెట్టె అడుగు మాడింది చూడండంటే, నా చేతికి ఇవ్వకండమ్మా, పాడైపోతుంది అన్నారు. నేనేమైనా తప్పుగా మాట్లాడానా?"

"లేదండీ. ఆయనకి కాలు నొప్పి ఎక్కువైంది," అన్నాను.

అబద్ధం చెబుతుంటేనే నాకు ఒక సంగతి తెలిసొచ్చింది. పాచి పోయింది, అది తిరిగి రాదు. దానికి నేను సిద్ధపడగలను. వేరే రకం వస్తుంది, మళ్ళీ మొదలుపెడతాను. కానీ నాన్న ఇలా ఇంటికి వెళ్ళిపోతే మళ్ళీ ట్యాంకు ఎక్కినా ఆ చేతులు పాత చేతులు కావు. దేన్ని ముట్టుకున్నా ఇది గీకొచ్చా కూడదా అని జంకుతాడు. దానికి మాత్రం నేను సిద్ధంగా లేను.

మర్నాడు పొద్దున్న లేచేసరికి నాన్న చొక్కా వేసుకుని, సంచి సర్దుకుని మంచం అంచున కూర్చుని ఉన్నాడు.

"నేను వెళ్తానమ్మా. కాలు బాగానే ఉంది."

"వాపు అలాగే ఉంది నాన్నా."

"వాపుదేముంది, అక్కడైనా తగ్గుతుంది. ఇక్కడుంటే నా చేతులు ఊరుకోవు. ఇప్పటికే చేసింది చాలు." నేల చూపులు చూస్తూ అన్నాడు. "నువ్వు చదువుకునే పుస్తకాన్ని పొయ్యిలో పెట్టి నీళ్ళు కాచినట్టు చేశాను. పైగా మెచ్చుకోమన్నాను. నువ్వు మెచ్చుకున్నావు కూడా. అదే ఎక్కువ కష్టంగా ఉందే."

పక్కన కూర్చున్నాను. ఆయన చెయ్యి తీసుకున్నాను. వేళ్ళ చివర్లు ఎప్పుడూ నీళ్ళలో నాని ముడతలు పడి ఉండేవి. ఇప్పుడు పొడిగా, పగిలి ఉన్నాయి.

"పోతే పోయిందిలే నాన్నా. నువ్వు కాకపోతే నేనే పోసేదాన్నేమో. పాలిపోయి ఉందిగా. సింకులో పోయినదాన్ని తలుచుకుని ఏం లాభం?"

నాన్న తల ఎత్తాడు. ఇన్నాళ్ళకి ఆయన కళ్ళలో పాత మంట కనిపించింది.

"సింకులోనా? నేనా?"

"మరి?"

"పాచిని సింకులో పోస్తానా నేను? నన్నేమనుకున్నావు? తూముకి అడ్డం పడదూ? ఈ పని మొదలుపెట్టినప్పటి నుంచి ఒక్క ఇంట్లో తూము మూయించానా? తడి పాచిని ఎక్కడా పోయకూడదు. నీళ్ళు వడగట్టేసి, నీడలో పెంకు మీద పరిచి వదిలేయాలి. మెల్లగా అట్టకడుతుంది. అప్పుడు కాగితంలా ఊడదీసి పారేయాలి. ఎండలో పెడితే నేలకి పట్టేసి ఊడదు, వాసన కూడా. ఇదంతా నీకు తెలియనిదా, చిన్నప్పుడు ఎన్నిసార్లు ఊడదీసి ఆడుకోలేదు!"

"నాన్నా," అన్నాను. "ఊడదీసి పారేశావా?"

"లేదు. ఆ పాప వచ్చి చెప్పాక... ఇంక దేన్నీ ముట్టుకోబుద్ధి కాలేదు."

సంచి అక్కడే పడేసి లేచాం. ఆయన కుంటుతూ ముందు, నేను వెనక. ఇంటి వెనక మేడ మెట్ల కింద ఎప్పుడూ ఎండ పడని మూల ఉంది. అక్కడ ఇటుక మీద ఒక విరిగిన పెంకు. దాని మీద నల్లపచ్చగా, కాగితమంత పలచగా, అంచులు కొంచెం లేచి, పాత అట్టముక్కలా ఉంది నా పాచి. పెంకుని రెండు చేతుల్లో ఎత్తుకున్నాను.

"బతికుందా?" అన్నాడు నాన్న.

"తెలీదు. ల్యాబులో ఎన్నిసార్లు ఎండబెట్టినా చచ్చింది."

"అక్కడ ఎలా ఎండబెట్టేవాళ్ళు?"

"బాగా పెరిగినదాన్ని తీసి, ఫ్యాను గాలి కింద. గంటలో ఎండిపోయేది."

"గంటలోనా!" అన్నాడు, చిన్నపిల్లని ఎవరో కొట్టినట్టు.

సంచి విప్పకుండానే ఇద్దరం ల్యాబుకి వెళ్ళాం. ఇంటావిడ ఇస్త్రీపెట్టె పట్టుకుని వాకిట్లోంచి చూస్తూ ఉండిపోయింది. నాన్న నా ల్యాబు చూడటం అదే మొదటిసారి. గుమ్మం దగ్గర చెప్పులు విప్పాడు. అక్కర్లేదు నాన్నా అంటే, "నువ్వు తుడిచిన నేలేగా," అన్నాడు. అక్క పరుగెత్తుకొచ్చింది. ఆమెకి ముఖం చెల్లలేదు గానీ, పెంకు చూడగానే అన్నీ మరిచిపోయి శుభ్రమైన నీళ్ళు కాచి చల్లార్చింది. చిటికెడు అట్ట గిల్లి గాజు పళ్ళెంలో వేసి, నీళ్ళు చుక్క చుక్కగా పోశాం. పెంకు మీద మిగిలినదాన్ని అలాగే ఉంచాం.

మొదటిసారి మైక్రోస్కోపులో చూసినప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది. పాచి పోగుల్లోని గదులన్నీ ముడుచుకుపోయి గోధుమరంగులో ఉన్నాయి. నాన్న ఒక స్టూలు మీద కూర్చుని, చేతులు కట్టుకుని పళ్ళెం వైపే చూస్తున్నాడు, పురిటి గది బయట కూర్చున్నట్టు. అక్క బన్ను తెచ్చిపెడితే సగం తిన్నాడు.

పొద్దు వాలాక మళ్ళీ చూశాను. చాలావరకు చనిపోయినవే. పళ్ళెం మెల్లగా జరుపుతూ పోయాను. ఒక పోగు చివర ఆగాను.

జైగ్నీమా పోగు రైలు పెట్టెల వరసలా ఉంటుంది. ఒక్కో పెట్టెలో రెండేసి పచ్చటి నక్షత్రాలుంటాయి. వెలుతురుని ఆహారంగా మార్చుకునేవి అవే. ఈ పోగులో గోడలు మందంగా ఉన్నాయి, లోపల నూనె బొట్లు కూడబెట్టుకుని ఉన్నాయి. వాటి మధ్య, రెండేసి, రెండేసి, రెండేసి. ఆకులంత పచ్చగా.

"అక్కా," అన్నాను. ఆమె చూసింది. నా వీపు మీద గట్టిగా ఒక్కటి చరిచింది.

"నాన్నా, నువ్వు చూడు."

"నాకేం తెలుస్తుందే?"

"చూడు ముందు."

నాన్న వంగి కన్ను ఆనించాడు. చాలాసేపు ఊపిరి బిగపట్టి చూశాడు. "చీపురు పుల్లలున్నాయి. నల్లగా."

"అవి నీ కనురెప్పల వెంట్రుకలు నాన్నా. కొంచెం వెనక్కి జరుగు. ఇంకొంచెం."

కదిలాడు. ఆగిపోయాడు. ఆయన భుజం నా చేతి కింద మెత్తబడడం నాకు తెలిసింది.

"పచ్చ చుక్కలు," అన్నాడు మెల్లగా. "గదికి రెండు. ఎవరో దీపాలు పెట్టినట్టు." ఇంకా కన్ను తీయలేదు. "నేను గీకినవాటిల్లో ఇవన్నీ ఉండేవా?"

"కొన్నిటిలో."

"ఒక్కసారి కూడా చూడలేదే."

మేడం వచ్చాక అంతా చెప్పాను, దాచకుండా. ఇది అదే రకమని జన్యు పరీక్షలో తేలాలని, మిగతా పాచుల్లోంచి దీన్ని మళ్ళీ వేరుచేసి శుద్ధిగా పెంచాలని ఆవిడ అంది. నిజమే, చాలా పని ఉంది. కానీ ఆవిడ పెంకుని చేతిలో అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. "మనం దీన్ని బాగా మేపి, ఒక్కసారిగా ఫ్యాను గాలిలోకి తోశాం. ఇది పస్తులుండి, గోడలు మందం చేసుకుని, నీడలో నెమ్మదిగా ఆరింది. తయారవడానికి దానికి టైం దొరికింది," అంది. వేరే రకం తెప్పించే మాట ఇక ఎత్తలేదు. సమావేశంలో ఫోటోలతో పాటు పెంకు కూడా బల్ల మీద పెట్టమంది.

ఇదంతా తర్వాతి సంగతి. ఆ పచ్చ చుక్కలు కనిపించిన మర్నాడు పొద్దున్న మాత్రం నాకు వేరే పని ఒకటి మిగిలింది. నాన్న సంచి ఇంకా సర్దే ఉంది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ముఖం తేలికపడింది గానీ చేతులు ఇంకా ఒళ్ళోనే ఉన్నాయి.

కిటికీలోంచి మూడు సీసాలూ తీశాను. నేను రోజూ నీళ్ళు తాగడం వల్ల అడుగున తెల్లటి చార కట్టింది. తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"పాచిని మళ్ళీ వీటిలోకి వేయాలి నాన్నా. మచ్చ ఉండకూడదు. నేను కడిగితే అంత శుభ్రంగా రావు."

నాన్న సీసాల వైపు చూశాడు, నా వైపు చూశాడు. లేచి సంచిలో చెయ్యి పెట్టి అడుగు దాకా వెతికాడు. గుడ్డ చుట్టిన పొట్లం బయటికి తీశాడు. సింకు దగ్గరికి కుంటుతూ వెళ్ళి పంపు తిప్పాడు. ఒక సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, లోపల చూసి, మళ్ళీ నా వైపు తిరిగాడు.

"లోపల ఎవరూ లేరు కదా?"

"లేరు నాన్నా. కడుగు."

బ్రష్షు చప్పుడు మొదలైంది.